పన్నెండో కాన్పు

నేను ఒక పారను. పార అనగానే మీకు మెడ దగ్గర వంగి, మట్టిని మనిషి వైపు లాక్కొచ్చే పనిముట్టు గుర్తొస్తుంది. నేను ఆ జాతిదాన్ని కాను. బొగ్గులు ఎత్తే పారను. నిటారైన కర్ర, దాని చివర చేటంత వెడల్పున్న ఇనప రేకు, అంతే నా ఆకారం. నాతో దేన్నీ లాగలేరు, ముందుకు తోయవలసిందే.

స్కాట్లండు దేశంలో, గ్లాస్గో నగరానికి దగ్గరలో ఉన్న ఒక కొలిమిలో పుట్టాను. ఎర్రగా కాల్చారు, సమ్మెటలతో సాగగొట్టారు, నీళ్ళలో ముంచారు. మనుషులు పుట్టిన బిడ్డను ఎత్తుకుని ఎవరి పోలికో చూసుకుంటారు గదా, నన్ను తయారుచేసినవాడు ఒక్కసారి అటూ ఇటూ తిప్పి చూసి గుట్ట మీదికి విసిరాడు. అక్కడినుంచి ఒక రైలింజను మీదికి వెళ్ళాను. ఆర్చీ గెడ్డిస్ అనే ఆయన ఆరేళ్ళపాటు నాతో ఆ ఇంజను కడుపు నింపాడు. ఉద్యోగం మానిన రోజున నన్ను భుజాన వేసుకుని ఎడిన్‌బరో నగరంలోని తన ఇంటికి నడిచి వచ్చేశాడు. నన్ను ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తెచ్చుకున్నాడు. చాలా నిజాయితీపరుడని ఆ వీధంతా చెప్పుకునేవారు.

ఆర్చీ పోయాక ఆయన భార్య మిసెస్ గెడ్డిస్ ఇంట్లో గదులన్నీ చదువుకునేవాళ్ళకి అద్దెకిచ్చింది. నన్ను నేలమాళిగలో బొగ్గుల కుప్ప పక్కన నిలబెట్టింది. అక్కడ నన్ను పట్టుకున్న రెండో మనిషి పైడమ్మ.

పైడమ్మది విశాఖపట్నం. ఎవరో దొరగారింట్లో పిల్లల్ని సాకిన ఆయా. ఆ కుటుంబం స్వదేశానికి వస్తూ ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి ఆమెను వెంట తెచ్చుకుంది. దిగగానే పిల్లల్ని బడిలో వేశారు. వచ్చే నెల తిరుగు ఓడ ఎక్కిస్తామని చెప్పి వాళ్ళు ఇంకో ఊరికి వెళ్ళిపోయారు. ఆ వచ్చే నెల రాలేదు. మిసెస్ గెడ్డిస్ ఆమెను వంటింటి పనికి పెట్టుకుంది. నలభై ఏడేళ్ళ మనిషి, రెండు స్వెట్టర్ల మీద చీర చుట్టుకుని బొగ్గులు ఎత్తుతూ, వినేవాళ్ళెవరూ లేకపోయినా గట్టిగా మాట్లాడుతూ ఉండేది. ఆ భాష ఏమిటో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఇనుముకి భాషతో ఇబ్బంది లేదు.

1894 అక్టోబరులో ఒక మధ్యాహ్నం పైడమ్మ అలాగే మాట్లాడుకుంటోంది.

"ఈ సలేటి, ఈ సీకటేటి. సూరీడు కూడా ఈ దేసంలో ఉండలేక బేగి ఎల్లిపోతన్నాడు."

మెట్ల పైనుంచి ఒక గొంతు వినిపించింది. "మీదే ఊరండీ?"

పైడమ్మ నన్ను వదిలేసింది. నేను రాతి నేల మీద పడి పెద్ద చప్పుడు చేశాను. మెట్ల మీద ఒక తెలుగు పిల్ల నిలబడి ఉంది. చీర మీద మగవాళ్ళ కోటు, చేతిలో రేకు పెట్టె.

"ఇసాపట్నం. నువ్వెవరమ్మా?"

"భీమునిపట్నం. పేరు వేదమణి. డాక్టరు చదువుకొచ్చాను."

పైడమ్మ ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఒక మనిషి తన మాటకి బదులు చెప్పింది మరి.

వేదమణికి ఇరవై మూడేళ్ళు. తండ్రి మిషను బడిలో పంతులు. పదహారో ఏటినుంచి భీమిలిలో మిషను ఆసుపత్రిలో మందులు కలిపింది, కట్లు కట్టింది. అక్కడ ఆడవాళ్ళు మగ డాక్టరు చేత పరీక్ష చేయించుకోవడం కన్నా చావడానికే ఇష్టపడేవారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు పెంచేది కాదు, చేతిలో ఉన్న పని మాత్రం ఇంకొంచెం గట్టిగా చేసేది. మద్రాసులో చదువు ముగించుకుని, పై పట్టా కోసం మిషను వారి సాయంతో వచ్చింది. మార్చి పరీక్షలో నెగ్గితే డాక్టరుగా వెనక్కి వెళుతుంది. నెగ్గకపోతే వట్టి చేతులతో వెళుతుంది. ఇంకో ఏడాది ఉంచడం మా వల్ల కాదని పంపినవాళ్ళు ముందే చెప్పేశారు.

మిసెస్ గెడ్డిస్ ఆ పిల్లని మనస్ఫూర్తిగా ఏమీ చేర్చుకోలేదు. మిషను వారి తరఫున ఒకావిడ రెండుసార్లు వచ్చి బతిమాలితే మెత్తబడింది. "మూడు నెలలు చూస్తాను" అని చెప్పి, అందరికన్నా పై గది, అందరికన్నా చిన్న పొయ్యి ఉన్న గది ఇచ్చింది.

పరీక్షకి కూర్చోవాలంటే ఒక షరతు ఉంది. ఫిబ్రవరి నెలాఖరులోగా పన్నెండు కాన్పులు విద్యార్థి తన చేతుల మీద చేయాలి, పెద్ద డాక్టరు దగ్గరుండి చూసి ఒక్కొక్కదానికీ సంతకం పెట్టాలి. ఊళ్ళో బీదవాళ్ళ పేటలో ఒక దవాఖానా ఉండేది. నొప్పులు వచ్చిన ఇంటినుంచి కబురు వస్తే, వరసలో ఎవరి పేరుంటే ఆ విద్యార్థి వెళ్ళాలి. వేదమణి పేరు వరసలో ఎప్పుడూ కిందికి జారేది. పరదేశి పిల్లని చూస్తే తల్లులు బెదిరిపోతారని వరస రాసే నర్సు అనుకుంది. వేదమణి రోజూ పొద్దున్నే వెళ్ళి దవాఖానా గుమ్మంలో కూర్చుంది. మిగతావాళ్ళు రాని రోజున, వాన కురిసిన రోజున, ఆదివారాల్లో వెళ్ళింది. అలా జనవరి చివరికి పదకొండు పూర్తయ్యాయి.

అప్పుడు పడింది చలి.

మామూలు చలి నేను ఎరుగుదును. ఇది వేరు. కూజాలో నీళ్ళు రాయిలా బిగిశాయి. గొట్టాలు పగిలాయి. వేదమణి రాసుకునే సిరా గడ్డకడితే సీసాని చంకలో పెట్టుకుని కరిగించేది. ఊరి చివర చెరువు మీద జనం కాళ్ళకి ఇనప బద్దలు కట్టుకుని జారుతూ ఆడుకుంటున్నారని విన్నాను. అదే చలిలో పైడమ్మ వేళ్ళు పగిలి నెత్తురు కారేది. ఒకే మంచు కొందరికి ఆట, కొందరికి పాట్లు.

ఒకరోజు మిసెస్ గెడ్డిస్ వాకిలి మెట్ల మీద జారి పడి మడమ బెణికించుకుంది. వేదమణి కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టింది. మర్నాడు చూస్తే గుమ్మం సగం దాకా మంచు. అప్పుడే ఆమె మొదటిసారి నన్ను చేతిలోకి తీసుకుంది. మంచులో గుచ్చి, అలవాటు కొద్దీ తన వైపు లాగింది. నేను ఒట్టిగా వచ్చేశాను.

పైడమ్మ వాకిట్లో నిలబడి నవ్వింది. "ఇది మన పార కాదు పిల్లా. రొమ్ముతో నెట్టి తొయ్యాల. అలా కాదు, మోకాలు వంచు."

మూడు రోజుల్లో వేదమణి అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. రోజూ క్లాసుకి వెళ్ళేముందు మెట్లు శుభ్రం చేసేది. ఎదురింటి పెద్దమనిషి తన కిటికీలోంచి చూసి, చదువుకునే ఆడపిల్ల ఇలాంటి పని చేయకూడదని పని మనిషితో చెప్పి పంపాడు. వేదమణి ఆయన మెట్లు కూడా శుభ్రం చేసి వచ్చింది. ఆయన ఆ మెట్ల మీంచే దిగి ఆఫీసుకి వెళ్ళాడు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక పొద్దున, ఎనిమిది గంటలప్పుడు, తలుపు దబదబా బాదారు. డంకన్ అని ఒక చెప్పులు కుట్టే ఆయన. నడుం దాకా మంచు అంటుకుని ఉంది. అతని భార్య జెస్సీకి నిన్న సాయంత్రంనుంచి నొప్పులు. దవాఖానాకి వెళితే, అక్కడి పెద్ద డాక్టరు ఫోర్బ్స్ ఊరవతల ఒక కేసు చూడడానికి వెళ్ళి మంచులో చిక్కుకున్నాడని, వరసలో తర్వాతి పేరు ఈ ఇంట్లో ఉందని చీటీ ఇచ్చారు.

"డాక్టరమ్మ ఎవరు?" అన్నాడు.

"డాక్టర్ని ఇంకా కాలేదు, విద్యార్థిని. నేనే" అంది వేదమణి.

అతను ఆమెను చూశాడు, చీటీని చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. "ఇంకెవరైనా..." అన్నాడు.

"ఉంటే మీరు ఇంత దూరం వచ్చేవారు కాదు. నిన్నటినుంచి అంటున్నారు. పదండి."

ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో నన్ను పట్టుకుంది. పైడమ్మ శాలువా కప్పుకుంటూ వెనకాలే వచ్చింది. "నానూ వస్తన్నాను. నా సేతుల మీద ముప్పై మంది పుట్టినారు."

డంకన్ ఇల్లు ఊరి పాత భాగంలో, కొండ వాలులో ఒక ఇరుకు సందులో ఉంది. పెద్ద వీధుల్లో ఎలాగో నడిచారు. సందు మొదట్లో మాత్రం గాలి తోసుకొచ్చిన మంచు మనిషెత్తు పేరుకుని ఉంది. డంకన్ పొద్దున మొదటి అంతస్తు మెట్ల కిటికీలోంచి దూకి, దాని మీద దొర్లుకుంటూ బయటపడ్డాడట. సంచీతో, చీరలతో అలా లోపలికి వెళ్ళడం కుదిరే పని కాదు.

వేదమణి సంచీ పైడమ్మకిచ్చి తవ్వడం మొదలుపెట్టింది. డంకన్ నన్ను అందుకుంటానని చెయ్యి చాపాడు. "నేను అలిసిపోయాక మీరు" అంది. నా జన్మలో అంత ఒళ్ళు దాచుకోకుండా నన్ను వాడినవాళ్ళు ఇద్దరే, ఇంజను మీద ఆర్చీ, ఆ సందులో ఈ పిల్ల. మంచు పైన మెత్తన, లోపల గడ్డ. గడ్డ మీద దెబ్బకి నా అంచు మొద్దుబారింది. ఆమె పెదవులు నీలంగా మారాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఒక గంట సేపు వంతులవారీగా తవ్వి, ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి చేశారు.

నాలుగో అంతస్తులో ఒకటే గది. గోడలో గూడులా కట్టిన మంచం, గదికి ఆ చివర చిన్న పొయ్యి. వేడి మంచం దాకా రావడం లేదు. జెస్సీ ఇరవై ఏళ్ళ పిల్ల. లోపలికి వచ్చిన ఇద్దరినీ చూసి భర్తతో, "వీళ్ళెవరు? వద్దు, వద్దు" అని గోడ వైపు తిరిగింది.

వేదమణి దగ్గరికి వెళ్ళలేదు. ముందు చేతులు పొయ్యి దగ్గర కాచుకుంది. "చూడు జెస్సీ, నా చేతులు చల్లగా ఉన్నాయి. కాగేదాకా నిన్ను ముట్టుకోను. ఈలోపు నొప్పి ఎక్కడినుంచి మొదలవుతుందో చెప్పు" అంది. జెస్సీ కాసేపటికి చెప్పింది. ఆ తర్వాత రెండో నొప్పికి తనంతట తనే చెయ్యి పట్టుకుంది.

పరీక్ష చేసి లేచినప్పుడు వేదమణి ముఖం మారింది. పైడమ్మతో తెలుగులో అంది. "ఎదురుకాళ్ళు, అత్తా."

అలాంటి కాన్పు విద్యార్థి ముట్టుకోకూడదు, పెద్ద డాక్టర్ని పిలవాలి. అది నియమం. డంకన్‌ని పంపింది. "ఎక్కడున్నా సరే తీసుకురండి. లేకపోతే ఇంకో డాక్టర్ని" అని చెప్పింది. అతను వెళ్ళాడు. గడియారంలో పది.

పైడమ్మ గది అంతా చూసింది. "ఈ సలిలో బిడ్డ పడితే బతకదు. కుంపటేదీ ఈలింట్లో?" కుంపటి లేదు. ఆమె చూపు గోడకి ఆనించి ఉన్న నా మీద పడింది. నన్ను పొయ్యిలో దూర్చి నిండా నిప్పులు ఎత్తింది. రెండు ఇటికెలు మంచం పక్కన పెట్టి వాటి మీద నన్ను అడ్డంగా పడుకోబెట్టింది. నిప్పుల మీద బూడిద పల్చగా చల్లింది.

"కిటికీ కొంచెం తియ్యి అత్తా. బొగ్గుల ఆవిరి గదిలో కమ్మితే మనందరికీ ప్రమాదం."

"ఉన్న ఎచ్చన పోద్ది."

"పోనీ. రెండంగుళాలు తియ్యి."

పైడమ్మ సణుగుతూ తీసింది. అంతకుముందు నాతో బొగ్గుల్ని మోసుకెళ్ళి నిప్పులో పడేశారేగాని, ఒక మనిషి పక్కన నిప్పుతో కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అవి చల్లారినకొద్దీ పైడమ్మ మార్చింది, నాలుగుసార్లు.

పదకొండు దాటింది. డాక్టరు రాలేదు. బిడ్డ ఆగలేదు. ముందు కాళ్ళు, తర్వాత నడుం కనిపించాయి. పైడమ్మ చేతులు చాపి ముందుకు వచ్చింది.

"లాగకు" అంది వేదమణి.

"లాగకపోతే ఎలాగొస్తాది? తల సిక్కుకుంటాది. మా ఊళ్ళో..."

"లాగితే చేతులు పైకి వెళ్ళి అప్పుడే తల చిక్కుకుంటుంది. దానంతట అది రావాలి. చేతులు తియ్యి, అత్తా."

ముప్పై కాన్పులు చేసిన మనిషి, పదకొండు చేసిన పిల్ల. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వేదమణి చేతులు గాలిలో బిడ్డకి కింద సిద్ధంగా ఉన్నాయి, ముట్టుకోవడం లేదు. నుదుటినుంచి చెమట కారుతోంది, అంత చలిలోనూ. పైడమ్మ చేతులు వెనక్కి తీసుకుని చంకల్లో పెట్టుకుంది. ఊరుకోవడం ఆమెకి ఎంత కష్టమో ఆ ముఖం చూస్తే తెలుస్తోంది.

తర్వాతి నొప్పికి భుజాలు వచ్చాయి. అప్పుడు వేదమణి కదిలింది. బిడ్డ ఒంటిని తన ముంజేతి మీద పడుకోబెట్టుకుని, ఒక వేలితో గడ్డం వంచి, తలని మెల్లగా బయటికి తెచ్చింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, చప్పుడు లేదు.

జెస్సీ తల ఎత్తి, "ఏడవదేం?" అంది.

వేదమణి నోరు తుడిచి, వీపు రుద్ది, తన నోటితో ఊపిరి ఊదింది. పైడమ్మ తన శాలువాని నా మీద నిప్పులకి పట్టి కాచి, బిడ్డ చుట్టూ చుట్టింది. వేదమణి మళ్ళీ ఊదింది. మళ్ళీ. నేను లెక్కపెట్టలేదు. నా మీద నిప్పు బూడిదయ్యేంతసేపు అనిపించింది. అప్పుడు పిల్లి కూతలాంటి సన్నని చప్పుడొకటి వచ్చింది, దాని వెనకే నిజమైన ఏడుపు.

పన్నెండున్నరకి డంకన్, అతని వెనక డాక్టరు ఫోర్బ్స్ వచ్చారు. ఆయన టోపీ తీసి, తల్లినీ బిడ్డనీ శ్రద్ధగా పరీక్ష చేశాడు. వేదమణి వైపు తిరిగాడు.

"ఎదురుకాళ్ళని తెలిశాక ఎందుకు ఆగలేదు?"

"నేను ఆగాను సార్. బిడ్డ ఆగలేదు."

"లాగావా?"

"లేదు."

ఆయన తల ఊపాడు. "నేను ఇంతకన్నా బాగా చేసేవాణ్ణి కాదు. కానీ సంతకం పెట్టలేను. చూడనిదాన్ని చూశానని నేను రాయను."

"రాయమని నేనూ అడగను సార్" అంది వేదమణి.

పైడమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. "ఏటంతన్నాడు?" అంది.

"ఈ కాన్పు లెక్కలోకి రాదంటున్నారు, అత్తా."

"ఆ గుంట ఏడుపు ఈయన సెవికి ఇనబడతందా లేదా అడుగు."

వేదమణి అడగలేదు. నా మీద బూడిద దులిపి, నన్ను భుజాన వేసుకుని ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం మిసెస్ గెడ్డిస్ కుంటుకుంటూ మూడంతస్తులు ఎక్కి, తన గదిలోని బొగ్గుల్ని ఒక బకెట్టు నిండా వేదమణి గదికి మోసుకెళ్ళింది.

మర్నాడు ఏడున్నరకి వేదమణి మళ్ళీ దవాఖానా గుమ్మంలో ఉంది. ఆ మర్నాడూ ఉంది. చలి తగ్గలేదు, కబురూ రాలేదు. పగలు అక్కడే కూర్చుని పుస్తకాలు చదివేది. పైడమ్మ ఉడకబెట్టిన బంగాళాదుంపలు రెండు ఆమె కోటు జేబుల్లో పెట్టి పంపేది, చేతులు కాచుకుంటుందని, తర్వాత తింటుందని. ఇరవై ఏడో తారీఖున ఒక చేపలమ్మే ఆవిడకి అయిదో కాన్పు. ఆ బిడ్డ ఎవరి సాయం అక్కర్లేదన్నట్టు, వేదమణి చేతులు కడుక్కుని తిరిగేసరికి ఆ చేతుల్లోకి వచ్చేసింది. డాక్టరు ఫోర్బ్స్ అప్పుడే లోపలికి వచ్చి కోటు విప్పుతున్నాడు. ఆయన చూశాడు, సంతకం పెట్టాడు. పన్నెండో కాన్పుగా కాగితం మీద ఉన్నది అదే.

మార్చిలో పరీక్ష రాసింది, నెగ్గింది. మే నెలలో ఓడ ఎక్కేటప్పుడు తనతో పైడమ్మని కూడా తీసుకువెళ్ళింది. అందుకోసం మిషను వారికి ఏడు ఉత్తరాలు రాసింది. ఆరింటికి కాదన్నారు. బయల్దేరే రోజు ఇద్దరూ నన్ను తలుచుకోలేదు. పెట్టెలు, టిక్కెట్లు, బండి ఆలస్యం, వాటి గొడవలో ఉన్నారు. పారకి ఎవరైనా వెళ్ళొస్తానని చెబుతారా.

ఆ తర్వాత నా కథ పొడుగైనదేమీ కాదు. మిసెస్ గెడ్డిస్ పోయాక ఇంటి సామాను వేలం వేశారు. రోడ్లు వేసేవాళ్ళ దగ్గర కొన్నాళ్ళు తారు కలిపాను. కర్ర మూడుసార్లు మార్చారు. ఇప్పుడు రేవు దగ్గర పాత ఇనుము కొట్లో, విరిగిన మంచం కోళ్ళకీ తుప్పు పట్టిన గొలుసుకీ మధ్య ఉన్నాను. కరిగిస్తే ఏమవుతానో తెలియదు. తుపాకీ కాకుండా ఏదైనా సరే.

నేనింకా ఆ ఇంట్లో, వంటింటి పొయ్యి పక్కన ఉన్న రోజుల్లోనే, వాళ్ళు వెళ్ళిన మరుసటి సంవత్సరం సెప్టెంబరులో భీమునిపట్నంనుంచి వేదమణి ఉత్తరం వచ్చింది. మిసెస్ గెడ్డిస్ వంటింట్లో కూర్చుని, ఎవరూ లేకపోయినా పైకే చదువుకుంది. ఆసుపత్రిలో ఆడవాళ్ళకి వేరే గది కట్టారట. మొదటి నెల ముగ్గురే వచ్చారు, ఇప్పుడు వరండాలో కూడా చాపలు వేస్తున్నారట. పైడమ్మ కాన్పుల గదికి పెద్ద. అందరికీ పని చెబుతుంది, వేదమణి మాట మాత్రం ఒక్కటీ వినదు, కిటికీ తియ్యమన్నా తియ్యదట.

మిసెస్ గెడ్డిస్ ఉత్తరం మడిచి, కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితం ముందుకు లాక్కుంది. మిషను తరఫున వచ్చి బతిమాలిన ఆవిడకి రాసింది. రాస్తూ అదీ పైకే చదువుకుంది, కాబట్టి విన్నాను.

"ఈ అక్టోబరుకి మీ దగ్గర ఏ దేశపు పిల్ల ఉన్నా సరే పంపండి. పై గది కాదు, కింద పెద్ద పొయ్యి ఉన్న గది ఖాళీ చేయించాను."